గంట ఖరీదు

ఈ ఊరి పేరు వాగా వాగా.
కొత్తలో ఎవరో నన్నే అడుగుతున్నట్టుండేది:
వాగా? వాగా?
కాదు, ఏరే. మరంబిడ్జీ.
వేసవిలో టీ రంగు నీళ్లు, ఒడ్డంతా బెరడూడిన యూకలిప్టస్ చెట్లు.

పదకొండేళ్లు కబేళాలో కత్తులకు పదును పెట్టాను.
తరవాత అదే పని, నా వ్యానులో, నా పేరు మీద.
గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ల దువ్వెన పళ్లు,
ట్రేసీ సెలూన్ కత్తెరలు,
రెండు మాంసం కొట్లు, ఒక ఆసుపత్రి వంటిల్లు.
చేతినిండా పని.
నెలాఖరుకి చేతిలో డీజిలుకి సరిపడా.

బేలిస్ వీధిలో చెప్పుల దుకాణం మీద ఒక గది.
తలుపు మీద బోర్డు:
చిన్న వ్యాపారాలకు సలహా, మొదటి నాలుగు గంటలు ఉచితం.
ఆ ఉచితం చూసే రెండు నెలలు లోపలికి వెళ్లలేదు.
ఊరికే వచ్చేదాని వెనక కొక్కెం ఉంటుందని నా అనుమానం.

లోపల గ్లెనిస్. చెవులకు ముత్యాలు, కాళ్లకు పొలం బూట్లు.
"రెండో మెషిను కొనాలి, ముప్పై వేలు అప్పు కావాలి" అని
ఇంటి దగ్గర బట్టీపట్టింది గడగడా అప్పజెప్పాను.
ఆవిడ అంతా విన్నది. పెన్నుకి మూత పెట్టింది.
"నీ గంట ఖరీదెంత?"

నాకు తెలీదు.
సానరాయి ఎన్ని కత్తెరలకు అరుగుతుందో తెలుసు.
నేను ఎంతకి అరుగుతున్నానో
ఎప్పుడూ లెక్కేసుకోలేదు.

తరవాతి మంగళవారం బిస్కెట్ డబ్బానిండా రశీదులు పట్టుకెళ్లి
బల్లమీద కుమ్మరించాను.
సగం అక్షరాలు వెలిసిపోయి ఉత్త తెల్లకాగితాలు.
ఆవిడ పేకముక్కల్లా పంచింది:
ఇది నీకు తిండి పెట్టే కుప్ప, ఇది నిన్ను తినేసే కుప్ప.
రెండో దాంట్లో,
నరాండెరా దాకా వంద కిలోమీటర్లు పోయి
ఆరంటే ఆరు కత్తెరలకు పదును పెట్టి
వాళ్లిచ్చిన కేకు తిని, బాగుందని చెప్పి తిరిగొచ్చిన
ప్రతి గురువారమూ ఉంది.

చెప్పొద్దూ, కోపం వచ్చింది.
ఇన్నేళ్లు ఉక్కుతో మాట్లాడినదాన్ని,
ఈవిడెవరు నాకు కాగితాలతో...
లేచి తలుపు దాకా వెళ్లాను.
బిస్కెట్ డబ్బా బల్లమీదే ఉండిపోయింది.
వెనక్కి వచ్చింది డబ్బా కోసమే.

మెషిను కొనలేదు.
ఊళ్లను దారివారీగా గుత్తులు కట్టాం.
నరాండెరా, లీటన్ కలిపి నెలకొక్కసారి,
నలభై కత్తెరలు పోగైతేనే వ్యాను కదిలేది.
ధర పెంచాను. మూడు రాత్రులు నిద్ర లేదు.
"ఎప్పుడో పెంచాల్సింది" అంది ట్రేసీ, చిల్లర కూడా అడక్కుండా.
రెండో మాంసం కొట్టతను మానేశాడు.
ఇప్పటికీ ఎదురుపడితే ఫోను చూసుకుంటాడు.
అదీ లెక్కలోకే వస్తుందంది గ్లెనిస్,
ఏ గడిలో రాయాలో మాత్రం చెప్పలేదు.

ఉన్ని కోతల కాలానికి కోబీ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాను.
వాడి మొదటి జీతం చీటీ మీద
నా సంతకం పిల్లిపిల్లలా వణికింది.

జూన్ నుంచి ఆ గది వారానికి రెండు రోజులేనట. నిధుల్లేవట.
మెట్ల మీద నా వెనక
తేనెపెట్టెల ఆయనొకడు, ఒళ్లో అట్టపెట్టె,
లోపలికి వెళ్లాలా వద్దా అన్నట్టు కూర్చున్నాడు.
పెట్టె ఆయన దగ్గరే వదలొద్దని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఆ రోజు గ్లెనిస్ పాత పేపర్లో చుట్టి ఏదో చేతిలో పెట్టింది.
వంటింటి కత్తి.
అంచు మీద బొటనవేలు ఆనించి చూశాను.
వెన్న కూడా తెగదు.
ఊరందరి లెక్కలకూ సానపట్టే మనిషి ఇంట్లో
ఇన్నాళ్లూ ఈ మొండి కత్తి!

కిందికి దిగి, వ్యాను తలుపు తీసి,
నిప్పురవ్వల్లో నాకు నేను పాట పాడుకుంటూ పని కానిచ్చి,
పైకెక్కి అందించాను.
"మీ దగ్గరా డబ్బు తీసుకునేది?"
ఆవిడ ఏమీ అనలేదు. గోడ గడియారం వైపు చూసింది.

పద్నాలుగు నిమిషాలు.
రశీదు రాశాను, సెంట్లతో సహా.